నోరుగలవాడిదే రాజ్యమా? పాత రాక్ ఆల్బముల కొత్త ముద్రణలపై ఒక పరిశీలన

మా కళాశాలలో ధ్వనిశాస్త్ర పాఠము జరుగుతున్న రోజులలో ఒకనాడు నేను ప్రయోగశాలకు రెండు కంపాక్ట్ డిస్కులు తీసుకొని వెళ్ళినాను. రెండింటిలోను ఉన్నది ఒకే సంగీతము: ఇంగ్లండుకు చెందిన పింక్ ఫ్లాయిడ్ బృందము 1973లో వెలువరించిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ అనే రాక్ సంగీతపు ఆల్బము. ఒకటి సీడీల తొలినాళ్ళలో వచ్చిన ముద్రణ. రెండవది ముప్పది ఏండ్లు నిండిన సందర్భమున 2003లో వచ్చిన రీమాస్టరు. వాల్యూము బొత్తాము కదల్చకుండ రెండూ వినిపించి, ఏది బాగున్నదని విద్యార్థులను అడిగినాను. దాదాపు అందరూ కొత్తదే బాగున్నదన్నారు. “నిండుగా ఉన్నది”, “స్పష్టముగా ఉన్నది” అన్నారు. నేను కూడ వారితో ఏకీభవించి, ముప్పది ఏండ్లలో విజ్ఞానము సాధించిన ప్రగతికి ఇది నిదర్శనమని ఒక చిన్న ఉపన్యాసము సైతము చేసినాను.

వెనుక బల్లమీది విద్యార్థి ఒకడు లేచి, “సార్, రెండూ ఒకే గట్టిదనముతో వినిపించారా?” అని అడిగినాడు. నా వద్ద సమాధానము లేదు. ధ్వనిమట్టమును కొలిచే మీటరు తెచ్చి చూస్తే, కొత్త డిస్కు పాతదానికంటె కొన్ని డెసిబెల్లు ఎక్కువగా పలుకుతున్నది! కొత్తదానిని ఆ మేరకు తగ్గించి మళ్ళీ వినిపించినాము. ఈసారి అభిప్రాయములు రెండుగా చీలినవి. గడియారములు ఒక్కసారిగా మ్రోగే ఘట్టములో పాత ముద్రణకే ఎక్కువమంది ఉలిక్కిపడినారు.

త్రాసు ముల్లును సున్నా వద్ద నిలపకుండ ఏ వస్తువును తూచరాదని ప్రతి సంవత్సరము మొదటి ప్రయోగములోనే పిల్లలకు చెప్పే నేను, చెవితో తూచవలసి వచ్చినప్పుడు ఆ నియమమును మరచినాను. నాబోటి పొరపాటు చాలమంది విమర్శకులు, శ్రోతలు కూడ చేస్తున్నారు. అందువల్ల పాత ఆల్బములను గురించి వెలువడుతున్న తీర్పులలో కొన్ని నిలువవు.

రీమాస్టరు అనగా నేమి?

స్టూడియోలో పాట తయారగుటలో మూడు మెట్లు ఉన్నవి. గాయకుని గొంతు, గిటారు, డ్రమ్ములు మొదలైనవాటిని టేపుమీద వేరు వేరు వరుసలలో ముద్రించుట మొదటి మెట్టు. ఆ వరుసలను తగిన పాళ్ళలో కలిపి, కుడి ఎడమలకు చెందిన రెండు వరుసలుగా చేయుట రెండవది. దీనినే మిక్స్ అంటారు. అట్లు వచ్చిన టేపును రికార్డుకో, సీడీకో తగినట్లు సవరించి అచ్చునకు మూలమును సిద్ధము చేయుట మూడవది, ఇది మాస్టరింగు.

ఈ మూడవ మెట్టును మాత్రమే మళ్ళీ ఎక్కితే అది రీమాస్టరు. రెండవ మెట్టునకే దిగివచ్చి, వరుసలను కొత్తగా కలిపితే అది రీమిక్స్. వంటతో పోల్చి చెప్పవలెనంటే, వండిన కూరను తిరిగి వేడిచేసి వడ్డించుట మొదటిది. అవే కూరగాయలతో, అవే దినుసులతో మళ్ళీ వండుట రెండవది. బీటిల్స్ బృందము 1967లో విడుదల చేసిన ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బమునకు 2017లో జైల్స్ మార్టిన్ చేసినది రీమిక్స్. కనుక అది 2009 నాటి రీమాస్టరుకంటె బాగున్నదా, లేదా అనుటకు ముందు, మనము పోల్చుచున్నవి రెండు వేరువేరు పనులని గుర్తించవలెను.

రీమాస్టరు చేయుటకు న్యాయమైన కారణములు లేకపోలేదు. 1980 తరువాతి దశకములో సీడీలు బయలుదేరినప్పుడు, ఆ తొందరలో అనేక ఆల్బములకు అసలు టేపు బదులు దాని నకళ్ళను వాడినారు. నకలు తీసిన ప్రతిసారి టేపు ‘హిస్’మనే రొద కొంత పెరుగును. పైగా ఆ నకళ్ళలో కొన్ని గ్రామఫోను రికార్డు కోయుటకై మంద్రస్వరములను తగ్గించి సిద్ధము చేసినవి. అట్టి సందర్భములలో అసలు టేపును వెదకి, మేలైన పరికరములతో తిరిగి గ్రహించుట నిజమైన సేవ.

చెవి చేసే మోసము

మరి గట్టిగా పలికినది మనకు మేలైనదిగా ఎందుకు తోచును? 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు దీనికి ఆధారమైన ప్రయోగములను ప్రకటించినారు. మన చెవి అన్ని పౌనఃపున్యములను సమానముగా వినదు. ధ్వని మెల్లగా ఉన్నప్పుడు మంద్రస్వరములు మరీ తక్కువగా వినబడును. మిక్కిలి హెచ్చు పౌనఃపున్యములు కూడ కొంత వెనుకబడును. ధ్వని పెరిగినకొద్దీ ఈ అసమానత తగ్గును. అనగా వాల్యూము పెంచినంత మాత్రముననే డ్రమ్ము నిండుగాను, తాళములు స్పష్టముగాను వినబడును. మా విద్యార్థులు వాడిన మాటలు సరిగా ఇవే!

ఇంకొక చిక్కు ఉన్నది. తేడా పెద్దదైతే “ఇది గట్టిగా ఉన్నది” అని ఎవరైనా చెప్పగలరు. తేడా ఒక డెసిబెల్ లోపుగా ఉన్నప్పుడు మాత్రము చెవి దానిని గట్టిదనముగా గుర్తించక, నాణ్యతగా భావించును. ‘నోరుగలవాడిదే రాజ్యము’ అని మన సామెత. రికార్డుల లోకములో ఆ నోరు మనకు తెలియకుండనే రాజ్యము చేయుచున్నది.

పైకప్పు ఉన్న గది

సీడీలో ఒక్కొక్క క్షణపు ధ్వనిని 16 బిట్ల సంఖ్యగా, సెకనుకు 44,100 మారులు వ్రాయుదురు. 16 బిట్లతో 65,536 మెట్లు ఏర్పడును. అతి మెల్లని ధ్వనికి, అతి గట్టి ధ్వనికి మధ్య సుమారు 96 డెసిబెల్ల వ్యాప్తి లభించును. ఆనాటి టేపులు ఇవ్వగలిగిన వ్యాప్తికంటె ఇది ఎక్కువే. అయితే ఈ గదికి గట్టి పైకప్పు ఉన్నది. చిట్టచివరి మెట్టును దాటి వ్రాయుటకు సంఖ్య లేదు.

పాటలో డ్రమ్ము దెబ్బ వంటి శిఖరములు అప్పటికే పైకప్పును తాకుచున్నవనుకొనుడు. అయినను పాటను ఇంకా గట్టిగా వినిపించవలెనంటే ఏమి చేయవలెను? శిఖరములను అణచి, మిగిలిన భాగమునంతటిని పైకి లేపవలెను. ఈ పని చేసే సాధనము పేరు లిమిటరు. సగటును 6 డెసిబెల్లు లేపితే కంపన పరిమితి రెట్టింపగును. శిఖరము మాత్రము ఉన్నచోటనే ఉండును. అప్పుడు దెబ్బకు, దెబ్బకు మధ్య ఉండిన పల్లము పూడిపోవును. మరీ మితిమీరితే తరంగపు తల తెగి చదునగును. చదునైన తరంగములో అసలు సంగీతమున లేని అనుస్వరములు పుట్టునని మనము పాఠములో చెప్పుచునే ఉన్నాము. చెవికి అవి గరగరగా తోచును. కొంతసేపటికి వినువాడు అలసిపోవును. ఎందుకు అలసినదీ అతనికి తెలియదు.

గట్టిదనపు ఆశ సీడీతో పుట్టినది కాదు. 1969లో లెడ్ జెప్పెలిన్ బృందపు రెండవ ఆల్బమునకు రాబర్ట్ లడ్విగ్ రికార్డు కోసినప్పుడు గాడి ఎంతో బలముగా పడినది. చవుక యంత్రములమీద సూది గాడి తప్పి ఎగురుచున్నదని దానిని ఆపి, తగ్గించి మళ్ళీ కోసినారని చెప్పుదురు. రికార్డుకు ప్రకృతియే కాపలా. మితిమీరితే సూది ఎగురును. సీడీకి అట్టి శిక్ష లేదు. అందువల్ల 1990 తరువాత ఈ పోటీ హద్దులు దాటినది.

నాలుగు ఉదాహరణములు

మొదట మెచ్చుకొనదగినదానిని చెప్పుకొందము. బీటిల్స్ ఆల్బములు సీడీలుగా 1987లో వచ్చినవి. 2009లో వచ్చిన రీమాస్టరులకై లండనులోని ఆబీ రోడ్ స్టూడియో నిపుణులు నాలుగేండ్లు పనిచేసినారు. అసలు టేపులను 24 బిట్లతో గ్రహించినారు. రొద తీసే సాధనమును మొత్తము 525 నిమిషముల సంగీతములో 5 నిమిషములకు మించకుండ మాత్రమే వాడినారు. స్టీరియో ముద్రణలో లిమిటరును మితముగా వాడి, మోనో ముద్రణలో మానివేసినారు. చేయగలిగినదంతా చేయక, చేయవలసినది మాత్రమే చేసిన ఈ నిగ్రహమే ఆ పనికి గౌరవము తెచ్చినదని నా అభిప్రాయము.

రెండవది నేను తరగతిలో వినిపించిన 2003 నాటి డిస్కు. అందులో రెండు పొరలు ఉన్నవి. ఒకటి మామూలు సీడీ యంత్రములు చదివేది. రెండవది సూపర్ ఆడియో సీడీ అనే మేలురకపు పొర. అది వెలువడిన రోజులలోనే నిపుణులు రెండు పొరలను కొలిచి, సీడీ పొర మరింత గట్టిగా, శిఖరములు అణచబడి ఉన్నదని చూపినారు. అనగా ఒకే డిస్కులో ఒకే సంగీతమును రెండు విధములుగా వడ్డించినారు. దీనిని తెలియనివాడు పొరలను మార్చి మార్చి విని, తేడా అంతయు కొత్త యంత్రవిద్యదే అనుకొనును. నిజానికి ఆ తేడాలో ఒక పాలు మనుష్యుల నిర్ణయము. ఈ ఆల్బము వినీ వినబడని గుండె చప్పుడుతో మొదలగును. ఆ మెల్లదనమును చెరిపితే, తరువాత వచ్చే గర్జనకు విలువ ఏది?

మూడవది ఇగ్గీ పాప్, ఆయన స్టూజెస్ బృందము 1973లో వెలువరించిన ‘రా పవర్’. దాని మిక్స్‌ను చాల భాగము డేవిడ్ బౌవీ చేసినాడు. 1997లో ఇగ్గీ పాప్ స్వయముగా దానిని తిరిగి మిక్స్ చేసి, మీటరు ముల్లు ఎర్రగీత దాటునంత గట్టిగా విడుదల చేసినాడు. అతి గట్టి సీడీలలో ఒకటిగా అది పేరు పొందినది. ఇచ్చట కర్తయే బుద్ధిపూర్వకముగా ఆ మోతను కోరినాడు. కనుక దానిని పొరపాటు అనరాదు. ఆ ఉద్రేకమును నేను కాదనను. కాని వరుసగా నాలుగు పాటలు వినుట నావల్ల కాలేదు. 2010లో బౌవీ మిక్స్‌ను మళ్ళీ సంస్కరించి విడుదల చేయుటను బట్టి, ఆ పాత రూపమునకు కూడ ఆదరణ తగ్గలేదని తెలియుచున్నది.

నాలుగవది కెనడాకు చెందిన రష్ బృందపు ‘వేపర్ ట్రెయిల్స్’. 2002లో వచ్చిన ఈ ఆల్బము తల తెగిన తరంగములకు పేరుపడినది. తెగిన తలను రీమాస్టరు అతికించలేదు. పోయిన సమాచారము ఆ మాస్టరులో లేదు. అందుచేత 2013లో డేవిడ్ బాట్రిల్ చేత మొత్తము ఆల్బమును తిరిగి మిక్స్ చేయించి విడుదల చేసినారు. వరుసలు వేరువేరుగా భద్రముగా ఉండుటవల్లనే ఇది సాధ్యమైనది.

తరగతిలో చేయదగిన ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని ఒక గంటలో చేసి చూపవచ్చును. ఒకే పాటకు చెందిన పాత, కొత్త ముద్రణలను కంప్యూటరులోనికి ఎక్కించి, ఉచితముగా లభించే ఆడాసిటీ వంటి సాధనములో రెండింటి తరంగముల బొమ్మలను ప్రక్కప్రక్కన చూపవలెను. ఒకటి కొండలు లోయలుగాను, మరొకటి ఇటుక వలెను కనబడవచ్చును. అయితే బొమ్మను చూచియే తీర్పు చెప్పరాదు. సంగీతము చెవికొరకు గాని కంటికొరకు కాదు.

తరువాత రెండింటి సగటు గట్టిదనమును సమానము చేయవలెను. మెల్లగా ఉన్నదానిని పెంచరాదు. గట్టిగా ఉన్నదానినే తగ్గించవలెను. పెంచితే శిఖరములు పైకప్పును తాకవచ్చును. పిమ్మట ఒక విద్యార్థి తెర వెనుక కూర్చుండి, నాణెము ఎగురవేసి, బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది వినిపించవలెను. వినువారు ఏది ఏదో వ్రాయవలెను. ఇట్లు పదిమారులు చేయవలెను. ఏమీ తెలియకుండ ఊహించువానికి కూడ ఏడుగాని అంతకు మించిగాని సరియగుటకు 1024లో 176 అవకాశములు ఉన్నవి. అది తక్కువేమీ కాదు. తొమ్మిదిగాని పదిగాని సరియగుటకు మాత్రము 1024లో 11 అవకాశములే. కనుక తొమ్మిది సరియైనవాని చెవిని నమ్మవచ్చును. తేడా ఉన్నదని తేలిన పిమ్మటనే ఏది మేలు అనే చర్చకు దిగవలెను.

2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము గట్టిదనమును కొలిచే పద్ధతిని ప్రమాణముగా ప్రకటించినది. ఆ కొలతను అనుసరించి, ఇంటర్నెట్ ద్వారా పాటలు వినిపించే కొన్ని సేవలు అన్ని పాటలను ఒకే మట్టమునకు సర్ది వినిపించుచున్నవి. అప్పుడు నోరు పెంచుకొన్న పాటకు ఏ లాభము లేదు. దాని వాల్యూమును యంత్రమే తగ్గించును. మిగిలేది అణగిన శిఖరములు మాత్రమే. కొలమానము వచ్చినచోట గట్టి గొంతుకు రాజ్యము పోయినది.

అయితే ఒక నష్టము మిగిలియే ఉన్నది. కొత్త ముద్రణ వచ్చిన తరువాత తరచుగా పాతది అంగడిలో కనబడదు. రేపటి విద్యార్థికి కొత్తదొక్కటే దొరికితే, అదే అసలు రూపమని నమ్మును. పోల్చుటకు రెండవది లేనిచోట పోలికయే లేదు. మన ఇండ్లలోని పాత రికార్డులను, తొలి సీడీలను చెత్తగా ఎంచి పారవేయరాదు. అవి మన త్రాసులోని పాత తూనికరాళ్ళు. కొత్త సరకు బరువు తెలియుటకు అవి ఉండి తీరవలెను.

ఆనాడు ప్రశ్న వేసిన విద్యార్థి పాశ్చాత్య సంగీతము ఎరిగినవాడు కాడు. అతనికి తెలిసినదల్లా, రెండు వస్తువులను పోల్చునప్పుడు మిగిలిన పరిస్థితులు సమానముగా ఉండవలెనన్న ఒక్క నియమము. ఆ గంటలో పాఠము చెప్పినది అతడే.