ఏడాదికోసారి తెరిచే పుస్తకం

మా మనవరాలికి అప్పుడు నాలుగేళ్లు. నేను అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. డిసెంబరు మొదలవగానే అల్మారా పైనుంచి వాళ్లమ్మ ఒక అట్టపెట్టె దించింది. అందులో చెట్టుకు వేలాడదీసే రంగు బుడ్లు, దీపాల తీగలు, వాటి అడుగున పది దాకా బొమ్మల పుస్తకాలు. పిల్ల దీపాల జోలికి పోలేదు. ఒక పుస్తకం లాగి నా ఒళ్లో పెట్టి, "అమ్మమ్మా, ఇది నువ్వు చదువు" అంది. తెరిచి చూస్తే అందులో ఒక్క అక్షరం లేదు.

అది 1978లో బ్రిటిష్ చిత్రకారుడు రేమండ్ బ్రిగ్స్ రంగు పెన్సిళ్లతో వేసిన 'ది స్నోమాన్'. ఓ అబ్బాయి మంచుతో మనిషిని చేస్తాడు. రాత్రి ఆ మనిషికి ప్రాణం వస్తుంది. ఇద్దరూ ఇల్లంతా తిరుగుతారు, ఆకాశంలో ఎగురుతారు. తెల్లవారేసరికి టోపీ, మెడకు చుట్టిన స్కార్ఫు, చిన్న మంచు కుప్ప మిగులుతాయి. కథంతా బొమ్మల్లోనే ఉంది. మాటలు పెట్టుకోవాల్సింది చదివేవాళ్లే.

తలుపు దగ్గర మంచుమనిషి నిలబడ్డ బొమ్మ చూపించి, "ఏం చేస్తున్నాడమ్మా?" అన్నాను.

"హ్యాట్ తీశాడు."

"అవును, లోపలికి వచ్చే ముందు మర్యాదగా టోపీ తీశాడు."

"మర్యాదగా" అంది పిల్ల, మాటను చప్పరించి రుచి చూస్తున్నట్టు. చివరి బొమ్మ దగ్గర గొంతు తగ్గించి, "మెల్ట్ అయిపోయాడు" అంది.

"అవును తల్లీ, కరిగిపోయాడు."

"కరిగిపోయాడు."

రెండు రోజుల తర్వాత నేను పొయ్యి మీద నెయ్యి గిన్నె పెడితే, స్టూలెక్కి తొంగిచూసి, "అమ్మమ్మా, నెయ్యి కరిగిపోయాడు!" అని అరిచింది. లింగం తప్పింది కానీ మాట సరిగ్గా తగిలింది. పుస్తకంలో పుట్టిన మాట వంటింట్లోకి నడిచి వచ్చింది. పిల్లలకు మాటలు నేర్పడమంటే ఇదేనని ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పిన నాకు ఆ పొయ్యి దగ్గర మళ్లీ అర్థమైంది.

పెట్టెలోంచి వచ్చే పుస్తకాలు

ఇంగ్లండులో, అమెరికాలో క్రిస్మస్ బొమ్మల పుస్తకాలది ప్రత్యేకమైన స్థానం. చాలా ఇళ్లలో అవి ఏడాది పొడుగునా బయట ఉండవు. పండగ సామానుతో పాటు జనవరిలో పెట్టెలోకి పోతాయి, మళ్లీ డిసెంబరులో దిగుతాయి. కొందరు తల్లిదండ్రులు ఇరవై నాలుగు పుస్తకాలకు రంగు కాగితం చుట్టి పెడతారు. డిసెంబరు 1 నుంచి పండగ ముందు రోజు దాకా పిల్లలు రాత్రికొకటి విప్పి చదివించుకుంటారు. అన్నీ కొత్తవి కానక్కర్లేదు. నిరుటివే మళ్లీ చుట్టినా పిల్లలకు సంబరమే. ఐస్‌లాండ్‌లో అయితే క్రిస్మస్ ముందు రోజు రాత్రి ఒకరికొకరు పుస్తకాలు కానుకగా ఇచ్చుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దిగుమతుల మీద ఆంక్షలున్నా కాగితం దొరకడంతో అక్కడ పుస్తకమే పండగ కానుక అయింది. ఆ ఆచారాన్ని వాళ్లు 'క్రిస్మస్ పుస్తకాల వరద' అంటారు.

ఈ క్రిస్మస్ పుస్తకాలకు పాత వేరు ఒకటుంది. 1823 డిసెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణ పత్రికలో, రాసినవారి పేరు లేకుండా, క్రిస్మస్ తాత సెయింట్ నికొలస్ రాక గురించి ఒక కవిత అచ్చయింది. దాన్ని క్లెమెంట్ క్లార్క్ మూర్ రాసిందిగా తర్వాత ప్రసిద్ధికెక్కింది. తరతరాల చిత్రకారులు దానికి బొమ్మలు వేస్తూనే ఉన్నారు. 1957లో డాక్టర్ స్యూస్ గ్రించ్ కథ వచ్చింది. 1985లో క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 'ది పోలార్ ఎక్స్‌ప్రెస్' వచ్చి, మరుసటి ఏడాది అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం అందుకుంది.

అడిగి, అందుకుని, పెంచి చెప్పడం

పుస్తకం చదివి వినిపించడం ఒక పద్ధతి, పిల్లతో కలిసి చదవడం మరో పద్ధతి. రెండోదానికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారిలో అమెరికన్ మనస్తత్వవేత్త గ్రోవర్ వైట్‌హర్స్ట్ ముఖ్యుడు. 1988లో ఆయన బృందం ప్రచురించిన పరిశోధనలో రెండు, మూడేళ్ల పిల్లల తల్లిదండ్రులు నెల రోజుల పాటు ఇంట్లో ఒక ప్రత్యేక పద్ధతిలో బొమ్మల పుస్తకాలు చదివారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాటల్లో భావం చెప్పే పరీక్షల్లో, మామూలుగా చదివించుకున్న పిల్లల కంటే కొన్ని నెలల వయసు మేర ముందున్నారు.

ఆ పద్ధతిలో నాలుగు అడుగులున్నాయి. పిల్లను మాట్లాడించాలి. ఆమె చెప్పింది విని మెచ్చాలి లేదా సరిచేయాలి. ఆ మాటకు ఒకటి రెండు మాటలు చేర్చి తిరిగి చెప్పాలి. పెరిగిన మాటను పిల్ల చేత మళ్లీ పలికించాలి. "హ్యాట్ తీశాడు" అన్నది "మర్యాదగా టోపీ తీశాడు" అవుతుంది. మన అమ్మమ్మలు పేరు పెట్టకుండానే ఈ పని చేశారు. పరిశోధన వల్ల తెలిసిందల్లా అది ఎంత బలమైన పనో.

ఏం అడగాలన్నది కూడా ముఖ్యమే. 'పోలార్ ఎక్స్‌ప్రెస్' తీసుకుందాం. రాత్రివేళ ఇంటి ముందు రైలు ఆగుతుంది. ఒక అబ్బాయి దాన్నెక్కి ఉత్తర ధ్రువానికి పోతాడు. క్రిస్మస్ తాత బండికి కట్టిన గంటల్లో ఒకటి కానుకగా అడిగి పుచ్చుకుంటాడు, జేబుకు చిల్లుండటంతో దాన్ని పోగొట్టుకుంటాడు. వాక్యం చివరి మాట దగ్గర ఆగి పిల్లను పూర్తి చేయనివ్వడం ఒక రకం ప్రశ్న. "రైల్లో పిల్లలు ఏం తాగారు?" అన్నది జ్ఞాపకం తెచ్చుకునే ప్రశ్న. "ఈ బొమ్మలో ఏం జరుగుతోంది?" అన్నది విప్పి చెప్పించే ప్రశ్న. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్నవి నాలుగో రకం. చివరిది, నా లెక్కలో అన్నిటికన్నా విలువైనది, కథను పిల్ల బతుకుతో ముడివేసేది: "నీదేదైనా ఎప్పుడైనా పోయిందా? అప్పుడేం చేశావు?" ఆ ప్రశ్న వేయగానే పిల్ల వాక్యాలు పొడుగవుతాయి. తన సొంత కథ చెప్పడానికి ఆమెకు మాటలు కావాలి మరి.

ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. పేజీకి నాలుగు ప్రశ్నలు వేస్తే కథ పరీక్ష అయిపోతుంది. మొదటిసారి కథను కథగా పారనివ్వాలి. రెండోసారి రెండు ప్రశ్నలు చాలు. అడిగాక ఆగాలి. పిల్ల ఆలోచించే ఆ నాలుగు క్షణాల మౌనం పెద్దవాళ్లకు కష్టం. మాట తయారయ్యేది అక్కడే.

ఏ మాట నేర్పాలి?

పండగ పుస్తకంలో కొత్త మాటలు బోలెడుంటాయి. అన్నిటినీ నేర్పబోతే ఏదీ అంటదు. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కీన్, లిండా కూకన్ 2002లో రాసిన పుస్తకంలో మాటలను మూడు అంతస్తులుగా విడదీశారు. మొదటిది ఇంట్లో ఎలాగూ వచ్చేవి: నక్షత్రం, గొర్రె, రాత్రి. మూడోది ఒక్క సందర్భానికి చెందినవి. యేసు జనన కథలో జ్ఞానులు తెచ్చిన బోళం అలాంటిది. చెబితే సరిపోతుంది, సాధన అక్కర్లేదు. రెండోది ఎక్కడైనా పనికొచ్చేవి: తడబడటం, గుసగుసలాడటం, ఎదురుచూడటం, మర్యాద, నమ్మకం. ఉపాధ్యాయుడి శ్రమ అంతా ఈ రెండో అంతస్తు మీద పెట్టాలని వాళ్ల సలహా.

నేర్పే వరస కూడా ఉంది. ముందు కథలో మాట వచ్చిన చోటు గుర్తుచేయాలి. తర్వాత పిల్లకు తెలిసిన మాటల్లో అర్థం చెప్పాలి. ఆపైన కథకు బయట ఒక ఉదాహరణ ఇవ్వాలి. చివరికి పిల్ల చేత వాడించాలి. "గుసగుసలాడటమంటే పక్కవాళ్లకు మాత్రమే వినపడేలా మాట్లాడటం. తమ్ముడు నిద్రపోతుంటే మనం అలా మాట్లాడుకుంటాం. ఏదీ, నా చెవిలో ఒక రహస్యం గుసగుసలాడు!" ఇక ఆ మాట పోదు.

అక్షరం వైపు వేలు

పెద్దలు చదువుతుంటే పిల్ల కళ్లు బొమ్మల మీదే ఉంటాయి, అక్షరాల మీదికి పెద్దగా పోవు. కంటి కదలికల పరిశోధనలు కూడా ఇదే చెప్పాయి. కాబట్టి బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకున్నంత మాత్రాన చదవడం రాదు. పెద్దవాళ్ల వేలు అక్షరాల కింద నడవాలి. "చూడు, ఈ మాట నీ పేరు మొదలైన అక్షరంతోనే మొదలైంది" అని అప్పుడప్పుడూ అనాలి.

గ్రించ్ కథలాంటి ప్రాస కథలు ఇక్కడ బాగా పనికొస్తాయి. పాదం చివర ఆగితే, ముందు పాదం మోతను పట్టుకుని పిల్లే మాట అందిస్తుంది. రెండు మాటల్లో ఒకే ధ్వని ఉందని చెవికి తెలియడం చదువుకు పునాది. మన పిల్లల పాటల్లో ప్రాస చేసే పనీ ఇదే.

జానెట్, అలన్ ఆల్‌బర్గ్ దంపతులు 1991లో తెచ్చిన 'ది జాలీ క్రిస్మస్ పోస్ట్‌మన్' మరో దారి పట్టింది. అందులో పేజీలే కవర్లు. లోపల నిజంగానే ఉత్తరాలు, కార్డులు, చిన్న ఆటలు, వేలెడంత పుస్తకం ఉంటాయి. అవన్నీ పాత కథల్లోని వాళ్లకు వచ్చినవి. కవరు విప్పిన పిల్లకు రాత ఒక మనిషి నుంచి మరో మనిషికి పోయేదని అర్థమవుతుంది. వెంటనే కాగితం, పెన్సిలు అడుగుతుంది.

మళ్లీ రావడంలోని బలం

న్యూజిలాండ్‌లో వార్విక్ ఎల్లీ 1989లో ప్రచురించిన పరిశోధనలో, కథను పదే పదే బిగ్గరగా చదివి వినిపిస్తే చాలు, ఏ వివరణా లేకుండానే ఏడేళ్ల పిల్లలకు పరీక్షించిన కొత్త మాటల్లో 15 శాతం దాకా పట్టుబడ్డాయి. చదువుతూ ఉపాధ్యాయుడు అర్థం చెబితే ఆ లాభం రెట్టింపు దాటింది. ఒకే కథ మళ్లీ మళ్లీ చదవమని పిల్లలు పేచీ పెడితే విసుక్కోకూడదని దీన్నిబట్టి తెలుస్తుంది.

పండగ పుస్తకానికి ఇంకొక వరం ఉంది. అది ఏడాది ఆగి మళ్లీ వస్తుంది. పుస్తకం అదే, పిల్ల మాత్రం మారి ఉంటుంది. రెండేళ్లప్పుడు బొమ్మకు పేరు చెబుతుంది, నాలుగేళ్లప్పుడు కథ చెబుతుంది, ఆరేళ్లకు అక్షరం కూడబలుక్కుంటుంది, ఎనిమిదేళ్లకు చెల్లెలికి చదివి వినిపిస్తుంది. ఇది మనకు తెలియని సంగతి కాదు. వినాయక చవితి నాడు అక్షింతలు చేతిలో పట్టుకుని ఏటా అదే కథ విన్నాం. శమంతకమణి, నీలాపనిందలు అన్న మాటలు ఏ వాచకమూ చెప్పకముందే మనకు వచ్చాయి. గుంటూరు, కృష్ణా ప్రాంతాల్లో డిసెంబరులో ఇంటి మీద కాగితపు నక్షత్రం వెలిగాక, తలకు తువ్వాలు చుట్టుకుని చర్చి నాటకంలో గొర్రెల కాపరి వేషం కట్టే పిల్లలకు పశువుల తొట్టి, సాంబ్రాణి, బోళం అలాగే వచ్చాయి. మన దగ్గర ఏటా తిరిగొచ్చే కథకు కొదవ లేదు. దాని పక్కన బొమ్మల పుస్తకం ఒకటి పెడితే చెవికి వచ్చిన మాట కంటికీ వస్తుంది. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం లాంటి ప్రచురణకర్తలు, 2015లో ప్రథమ్ బుక్స్ మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ వేదిక తెలుగులో బొమ్మల కథలు అందిస్తున్నారు. మాటల్లేని పుస్తకమైతే ఏ దేశంలో అచ్చైనా అది తెలుగు పుస్తకమే. అమెరికాలో పెరిగే పిల్లతో తెలుగులో మాట్లాడటానికి నాకు దొరికిన తలుపు అదే.

మరుసటి డిసెంబరులో నేను మళ్లీ వెళ్లాను. పెట్టె దిగింది. మంచుమనిషి చివరి బొమ్మ దగ్గర పిల్ల ఈసారి వెంటనే మాట్లాడలేదు. చాలాసేపు చూసి, "కరిగిపోతాడని ముందే తెలిస్తే ఆ అబ్బాయి చేసేవాడా?" అంది. నిరుడు ఆమెకు ఆ మాట మంచుకూ నెయ్యికీ మాత్రమే తెలుసు. ఆ తర్వాత గ్రించ్ పుస్తకం తీశాం. పండగనే దోచుకుపోదామనుకున్న వాడి గుండె చివర్లో పెద్దదవుతుంది. "వాడి మనసు కరిగింది" అన్నాను.

పిల్ల నా ముఖంలోకి చూసింది. "మనసు కూడా కరుగుతుందా అమ్మమ్మా? నెయ్యిలాగా?"

"కరుగుతుంది తల్లీ. వెచ్చదనం తగిలితే."