కాడ తిప్పి చూడండి

మొక్కల్ని గుర్తించే ఫోన్ యాప్‌ల మీద నాకున్న కసి ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఈ వారం దానికి మరో కారణం దొరికింది. వరిమడి గట్టు మీద ఓ కుర్రాడు ఫొటో తీస్తే, తుంగను పట్టుకుని ‘గడ్డి’ అని తేల్చింది ఓ యాప్. అది నమ్మి సైహాలోఫాప్ బ్యూటైల్ కొడితే డబ్బు దండగ. ఆ మందు గడ్డి జాతికే పనిచేస్తుంది, తుంగకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఎన్నోసార్లు రాశాను, మళ్లీ రాస్తున్నాను. కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి తిప్పండి. గడ్డి కాడ గుండ్రం, కణుపులు తగులుతాయి, మధ్యలో చాలావాటికి బోలు. తుంగ కాడ మూడంచుల దగ్గరా వేలికి అడ్డుపడుతూ ఆగి ఆగి తిరుగుతుంది. గడ్డికి ఆకులు రెండు వరసలు, తుంగకు మూడు. తుంగ ఆకు మొదలు కాడ చుట్టూ గొట్టంలా మూసుకుని ఉంటుంది.

అలాగని ముక్కోణాన్నే నమ్ముకోకూడదు. చెరువుల్లో పెరిగే ఎలియోకారిస్ డల్సిస్‌దీ తుంగ కుటుంబమే. దాని కాడ మాత్రం గుండ్రం, పైన ఆకన్నదే కనబడదు. నొక్కుకుంటూ పోతే లోపలి అడ్డుపొరలు టపటపమంటాయి.

మా పెద్దమ్మకు ఈ పాఠాలేవీ అక్కర్లేదు. కలుపుతీతలో వంగినచోటే వేలు మట్టిలోకి దించేది. పీచువేర్లే తగిలితే మొక్కను గట్టు మీదికి విసిరేది. గడ్డ తగిలితే మాత్రం కొడవలి అడిగేది. “ఇది పీకితే పోద్దిరా, అది పీకితే పెరుగుద్ది” అనేది. గట్ల మీది తుంగముస్తెకు భూమిలో గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి. పైకాడ తెగి చేతికొస్తుంది, కిందివి మళ్లీ మొలుస్తాయి. పెద్దమ్మ మాటలు తలచుకుంటే నాకు వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ గుర్తొస్తాడు. సామర్లకోటలో ఉన్న రోజుల్లో ఆయన మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. ఆయనకు ఆ పేర్లు చెప్పినవాళ్లలో ఇలాంటి పెద్దమ్మలు ఉండే ఉంటారని నా అనుమానం.

ఆమెకు మడిలోదంతా ఒకటే తుంగ. నాకు అది చాలదు. కంకి గుండ్రటి ఉండలుగా ముద్దకట్టి ఉంటే సైపరస్ డిఫార్మిస్. పసుపు గోధుమ రంగులో వదులుగా విచ్చుకుంటే సైపరస్ ఇరియా. కాడ మొదలు బల్లపరుపుగా ఉండి, ఆకులు విసనకర్రలా పరుచుకుంటే ఫింబ్రిస్టైలిస్. అప్పటికీ సందేహం తీరకపోతే పొలుసు తీసి గింజను భూతద్దంతో చూడాలి. ఇరియా గింజకు మూడు కోణాలుంటాయి, పొడవు మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ.

యాప్‌ను తిట్టడానికే మొదలుపెట్టాను కానీ, రాస్తూపోతే తేలింది వేరు. ఇంత కచ్చితంగా పేరు పెట్టాలంటే గింజ ముదరాలి. ముదిరితే ఒక్కో దుబ్బు వేలకొద్దీ గింజలు మడిలో రాలుస్తుంది. పేరు తెలిసేనాటికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. కాబట్టి మడిలో పెద్దమ్మ లెక్కే సరైనది: కాడ తిప్పు, వేరు చూడు, పూత రాకముందే లాగెయ్. ఇరియానా డిఫార్మిసా అని తగువు పడదలచుకున్న నాలాంటివాళ్లు భూతద్దం పట్టుకుని చెరువుగట్టుకు పోవాలి.