మూడొందల మందిలో ఒకడు

పనితనం లేకున్నా గుంపులో చేరి లెక్కకు సరిపోయేవాడి గురించి చైనాలో ‘లాన్ యూ ఛోంగ్ షూ’ అని నాలుగు అక్షరాల్లో తేల్చేస్తారు. వెనకున్న కథా చిన్నదే. క్రీ.పూ. 4వ శతాబ్దం చివర ఛీ రాజ్యాన్ని ఏలిన షువాన్ రాజుకు యూ అనే వాద్యమంటే పిచ్చి. విన్నాడంటే మూడొందల మంది కలిసి ఊదాల్సిందే. నాన్‌గువో అనే ఆయన నేనూ ఊదుతానంటూ కొలువులో చేరి, జీతబత్తేలు తిన్నాడు. రాజు పోయాడు. కొడుకు మిన్‌కి ఒక్కొక్కరి చేతా ఊదించుకుని వినడం సరదా. నాన్‌గువో పరార్.

అన్నాళ్లు ఎలా దొరకలేదా అని నాకో సందేహం ఉండేది. నాదస్వరమైతే ఊపిరి తగలగానే ఏదో ఒక కూత కూసి పట్టిచ్చేస్తుంది. యూ తీరు వేరు. గాలిగూట్లో వెదురు గొట్టాలు నిలువుగా గుచ్చి ఉంటాయి. చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్ సమాధుల్లో 1970లలో దొరికినదానికి 22 గొట్టాలు. దాని తమ్ముడి లాంటి షెంగ్‌ని ఇప్పటికీ వాయిస్తున్నారు. షెంగ్ గొట్టానికున్న రంధ్రాన్ని వేలితో మూస్తేనే ఆ గొట్టం పలుకుతుంది, తెరిచి ఉంచితే ఎంత ఊదినా పలకదు. యూదీ ఆ వంశమే కాబట్టి, బుగ్గలు పూరించి వేళ్లు ఉత్తినే ఆడిస్తే దూరాన కూర్చున్న రాజుకేం తెలుస్తుంది?

ఈ కథను రాసిపెట్టిన హాన్ ఫే సంగీతం మనిషి కాదు, రాజనీతి మనిషి. కొలువులోవాళ్లను ఒక్కొక్కరిగా పరీక్షించమని రాజులకు చెప్పడం ఆయన పని. అక్కడే ఇంకో ముచ్చటా ఉంది: హాన్ రాజ్యపు ప్రభువు జావో, యూ ఊదేవాళ్లు ఇంతమందిలో మంచివాడెవడో తెలియడం లేదంటే, ఒక్కొక్కరినే వినండి అన్నాడట తియెన్ యెన్. మన సంగీతం మాస్టార్లకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. సరళీ వరసలు అందరి చేతా పాడించి, చివర్లో “ఏదీ, ఇప్పుడు ఒక్కొక్కరూ” అంటారు. క్లాసులో సగం గొంతులు అప్పుడే ఆరిపోతాయి.

నా ధ్యాసంతా నాన్‌గువో పక్కన కూర్చున్నవాళ్ల మీద. రాజుకు తెలియకపోవచ్చు, మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చుని ఊదేవాడికి తెలియదా? ఒక్కడూ నోరు విప్పినట్టు కథలో లేదు. మా భజన బృందంలోనూ పెదవులు మాత్రమే కదిపేవాళ్లున్నారు. ఎవరో మాకందరికీ తెలుసు. ఎవరం ఏమీ అనం. మా బాధంతా శ్రుతి తప్పి గట్టిగా పాడే ఆయనతోనే.