కల్లుకు పొద్దు, బీరుకు అంకె

పులవడం ఎప్పటికి పూర్తయినట్టు? గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లో కల్లు గీసేవారిని అడిగితే ఒక జవాబు చెబుతారు. అమెరికాలో ఇంటి గ్యారేజీలో తొలిసారి బీరు కాచుకున్న మన కుర్రాణ్ణి అడిగితే ఇంకో జవాబు చెప్పాలి. చాలామంది మాత్రం కల్లు జవాబే బీరుకూ చెబుతారు. బుడగలు ఆగాయి, వాసన బాగుంది, కాబట్టి అయిపోయింది అంటారు. సీసాలు పేలేది అక్కడే.

నల్లమల దిగువన ఈతచెట్లకు చలికాలం, తాటిచెట్లకు ఎండాకాలం గీత పడుతుంది. లొట్టిలోకి బొట్టు పడుతూనే పులవడం మొదలవుతుంది. ఎవరూ ఈస్టు వెయ్యరు. పాత లొట్టి గోడకు అంటుకుని ఉన్నదే పాలలో తోడులా పనిచేస్తుంది. ఈస్టు ఒక్కటే కాదు, జైమోమోనాస్ అనే బాక్టీరియా, లాక్టిక్, ఎసిటిక్ బాక్టీరియాలు కూడా అందులోనే కాపురం. నీరాలోని తీపి చాలావరకు సుక్రోజే. ఈస్టు దాన్ని విడగొట్టి దాదాపు మిగల్చకుండా తినగలదు. అందుకే పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి ఘాటెక్కి, మర్నాటికి పుల్లబడుతుంది. చక్కెర అయిపోయినా పని ఆగదు. తయారైన ఆల్కహాల్‌ను ఎసిటిక్ బాక్టీరియా వెనిగర్ చేస్తూ పోతుంది. సున్నం పూసిన లొట్టి కడితే తప్ప దీన్ని నిలపలేం. అలా నిలిపిన నీరాతోనే తాటిబెల్లం వండుతారు. కల్లుకు తుది దశ అంటూ లేదు, తాగే వేళ మాత్రమే ఉంది. వడగట్టి ముంతలో పోసినప్పుడు లేచే నురుగు, ముక్కుకు తగిలే పులుపు, నాలుక మీద మిగిలే తీపి, ఈ మూడింటితో ఆ వేళను పట్టుకోవడం గొప్ప నేర్పు. దాన్ని మోటు పద్ధతి అనేవారితో నేను ఏకీభవించను.

(చెంచుల ఇప్పపువ్వు దారి వేరు. నానబెట్టి పులిసినదాన్ని బట్టీ పెట్టి ఆవిరి పడతారు కాబట్టి, కుండలో ఎంత తీపి మిగిలిందన్నది అంతగా పట్టదు.)

బీరు అలా కాదు. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచాడు. అప్పటినుంచి బీరు పీపాలోకి ఇతర జీవులను రానివ్వకపోవడమే పద్ధతి అయింది. బార్లీ మాల్టును 65 నుంచి 68 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉంచితే పిండి చక్కెరలుగా మారుతుంది. వేడి పెరిగేకొద్దీ డెక్స్‌ట్రిన్లు, అంటే పూర్తిగా విడిపోని పిండి ముక్కలు, ఎక్కువ మిగులుతాయి. మామూలు బీరు ఈస్టు వాటిని తినలేదు. అందుకే బీరుకు ఆగే చోటంటూ ఒకటి ఉంటుంది. అక్కడ హైడ్రోమీటర్ (ద్రవం నీటికంటే ఎంత చిక్కనో కొలిచే సాధనం) చూపే అంకెనే ఫైనల్ గ్రావిటీ అంటారు. ఈస్టు వేసేముందు 1.050 ఉన్నది 1.012 దగ్గర నిలిచిందంటే ఆల్కహాల్ సుమారు 5 శాతం. 1.020 దగ్గరే నిలిచిపోతే రెండు కారణాలు ఉండొచ్చు. మిగిలినవన్నీ డెక్స్‌ట్రిన్లే కావొచ్చు, అప్పుడు భయం లేదు. లేదా చలికో, బలం చాలకో ఈస్టు నిద్రపోయి ఉండొచ్చు. అలాంటిదాన్ని నింపి మూత బిగిస్తే, ఈస్టు లేచిన రోజున మిగిలిన చక్కెరంతా సీసాలోనే వాయువవుతుంది. ఈ రెంటికీ తేడా నాలుకకు సరిగా తెలియదు, బుడగలకు అసలే తెలియదు.

హైడ్రోమీటర్ వాడకంలోనూ మెలకువలున్నాయి. జాడీలో పోసిన బీరులోని వాయువు పోనిచ్చి, హైడ్రోమీటర్‌కు అంటిన బుడగలు రాలేలా దాన్ని వేళ్లతో ఒకసారి తిప్పి, ద్రవం మట్టానికి కన్ను దించి చదవాలి. మీ హైడ్రోమీటర్ 20 డిగ్రీలకు సరిచేసినదనుకోండి. మార్కాపురం ఎండల్లాంటి 35 డిగ్రీల గదిలో అసలు 1.012 ఉన్నది 1.008గా కనిపిస్తుంది. సవరించకుండా నమ్మితే అంకె కూడా మోసం చేస్తుంది.

అంకెకు అందనిది ఇంకొకటుంది, పులుపు. బీరులోకి ఎసిటిక్ బాక్టీరియా చొరబడినా హైడ్రోమీటర్ ఆ సంగతి చెప్పదు. గీసేవారి ముక్కు చెబుతుంది. అయినా రెండు పద్ధతుల్లో ఏది మేలంటే నా తీర్పు ఒక్కటే. మూత లేనిదానికి నాలుక, మూత వేసేదానికి అంకె.

ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజ్ చట్టం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారీని ఒప్పుకోదు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో సొంత వాడకానికి ఫెడరల్ అనుమతి వచ్చింది. అలా చట్టం ఒప్పుకున్న చోట ఉండి కాచుకునే మనవాళ్లకు చెప్పేదొక్కటే. మూడు రోజులు వరుసగా చూడండి. అంకె కదలకపోతే, అది మీ మాల్టుకూ ఈస్టుకూ తగ్గ అంకే అయితే, అప్పుడే సీసాలకు మూతలు బిగించండి.