తెరకు ముందు పాట: తెలుగు లిరికల్ వీడియో సంప్రదాయాలు, ప్రచార ప్రయోజనం

ప్రవేశిక

తెలుగు సినిమా పాటపై ఇప్పటివరకు వచ్చిన పరిశోధన ప్రధానంగా రెండు మార్గాల్లో సాగింది. ఒకటి, పాటను కవిత్వంగా చదివి రస, ధ్వని, అలంకారాలను నిరూపించడం. రెండవది, సన్నివేశంలో భాగంగా చూసి ఔచిత్యాన్ని తేల్చడం. ఈ రెండింటికీ అందని రూపం ఒకటి గత దశాబ్దంలో స్థిరపడింది. సినిమా విడుదలకు వారాలో నెలలో ముందు, సాహిత్యాన్ని అక్షరాలుగా తెరపై చూపుతూ యూట్యూబులో విడుదలయ్యే లిరికల్ వీడియో అది. శ్రోత పాటను మొదట కలుసుకునేది ఇప్పుడు ఇక్కడే. ఈ రూపానికి ఏర్పడిన కట్టుబాట్లు పాట అర్థాన్ని ఎలా మారుస్తున్నాయో, గేయ రచయితకు దీనివల్ల ఒరిగేదేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాశ్చాత్య మ్యూజిక్ వీడియోకు 1981 ఆగస్టు 1న మొదలైన ఎంటీవీ ఒక మైలురాయి. ఆ వీడియోలను విశ్లేషిస్తూ ఆండ్రూ గుడ్విన్ 1992లో మాటకూ దృశ్యానికీ మధ్య మూడు రకాల సంబంధాలను గుర్తించాడు: దృశ్యం మాటను ఉన్నదున్నట్టు చూపడం, దానికి అర్థాన్ని చేర్చడం, దానితో విభేదించడం. తారల ప్రతిమను పెంచే దగ్గరి దృశ్యాలు, చూపులకు సంబంధించిన కుతూహలం కూడా ఆయన చెప్పిన లక్షణాలలో ఉన్నాయి. ఈ సిద్ధాంతాన్ని తెలుగుకు నేరుగా అన్వయించడం కుదరదు. అక్కడ వీడియో అమ్మేది పాటను, గాయకుణ్ణి. ఇక్కడ పాట అమ్మేది సినిమాను. వస్తువే ప్రకటన అయిన చోట మాటకూ దృశ్యానికీ ఉన్న సంబంధాన్ని వేరుగా లెక్కగట్టవలసి ఉంటుంది.

పాటల పుస్తకం నుండి

లిరికల్ వీడియోకు పూర్వరూపం ఎంటీవీ కాదు, సినిమా హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం. నాలుగైదు రేకుల ఆ చిన్న పుస్తకంలో సాహిత్యంతో పాటు తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు, కథాసంగ్రహం ఉండేవి. కథను ఒక మలుపు దగ్గర ఆపి, తక్కినది వెండితెరపై చూడమనేవారు. అది కూడా ప్రచారమే. అయితే పాట ఎవరిది, ఎప్పటిది అన్న స్పృహను అది పాఠకుడికి కొంతైనా మిగిల్చేది. ఆ తరువాత ఆకాశవాణి, క్యాసెట్, దూరదర్శన్ చిత్రలహరి, ఆడియో వేడుక వంటివి వచ్చాయి. ఇవేవీ శ్రోత చేతిలో అక్షరాన్ని పెట్టలేదు. క్యాసెట్ అట్టమీద పల్లవి మొదటి మాటలే ఉండేవి. అక్షరం తిరిగి వచ్చింది లిరికల్ వీడియోతోనే. కాని కథాసంగ్రహం తిరిగి రాలేదు. ఈ రూపంలో కనిపించే చిక్కులలో చాలావాటికి మూలం ఈ లోటే.

సన్నివేశం లేని పాట

'ఆర్‌ఆర్‌ఆర్' చిత్రంలోని 'నాటు నాటు' లిరికల్ వీడియో 2021 నవంబరు 10న వచ్చింది; సినిమా 2022 మార్చి 25న విడుదలైంది. ఈ నాలుగు నెలల్లో చంద్రబోస్ సాహిత్యం, కీరవాణి సంగీతం, ప్రేమ్ రక్షిత్ కూర్చిన అడుగు దేశమంతా చేరాయి. వీడియోలో ప్రధానంగా నిలిచింది ఇద్దరు కథానాయకులు భుజం భుజం కలిపి వేసే ఆ అడుగే. జనం అనుకరించడానికి వీలైన కొన్ని క్షణాలను ఎంచి ముందుగా ఇవ్వడం ఈ రూపానికి ఇప్పుడు తప్పనిసరి నియమమైంది. సినిమాలో మాత్రం ఈ పాట ఒక అవమానానికి జవాబుగా పుట్టి, చివరికి పోటీగా మారుతుంది. ఆఖరున రాము కావాలనే ఓడిపోయి భీముడికి గెలుపునిస్తాడు. పాటలోని ఊరి వస్తువులు, రుచులు, మోతలు అన్నీ దొరల విందులో వినిపిస్తున్నాయన్నదే దాని బలం. లిరికల్ వీడియోలో ఈ వైరుధ్యం లేదు. అక్కడ అది ఉత్సాహగీతం మాత్రమే. ఆస్కార్ వేదిక దాకా వెళ్ళిన పాటను చాలామంది శ్రోతలు మొదట ధిక్కారంగా కాక ఆటగా అందుకున్నారన్నది విమర్శకులు పెద్దగా పట్టించుకోని విషయం.

దీనికి భిన్నమైనది అదే చిత్రంలోని 'దోస్తీ'. స్నేహితుల దినోత్సవమైన 2021 ఆగస్టు 1న అయిదు భాషల్లో, అయిదుగురు గాయకులతో ఇది వచ్చింది. తెలుగులో హేమచంద్ర పాడగా సిరివెన్నెల సీతారామశాస్త్రి రాశారు. ఇందులో తెరపై కనిపించేది కథ కాదు, గాయకుడే. పాశ్చాత్య మ్యూజిక్ వీడియోకు తెలుగు ప్రచారం అత్యంత దగ్గరగా వచ్చిన సందర్భాలలో ఇది ఒకటి. సిరివెన్నెల మాటలు పరస్పర విరుద్ధమైన ప్రకృతి శక్తుల కలయికను చెప్పడం వల్ల, సన్నివేశం తెలియకపోయినా స్నేహంలో పొంచివున్న ప్రమాదం శ్రోతకు అందుతుంది. సందర్భాన్ని పాట తనలోనే మోసుకుపోతే లిరికల్ వీడియో దానికి హాని చేయలేదు. ఈ పరీక్షకు నిలిచే పాటలు మాత్రం తక్కువ.

నడక, చూపు

2019 సెప్టెంబరులో వచ్చిన 'సామజవరగమన' ('అల వైకుంఠపురములో', 2020) ఈ చర్చకు కీలకమైన ఉదాహరణ. తమన్ సంగీతంలో సిద్ శ్రీరామ్ పాడిన ఈ పాట వీడియోలో గాయకుడు, వాద్యబృందం ప్రధానం. త్యాగరాజు హిందోళ కీర్తనలో ఆ సంబోధన గజగమనుడైన కృష్ణుడిది. సిరివెన్నెల దాన్ని నాయికకు బదిలీ చేశారు. ఆ సమాసంలో ఉన్నది నడక. కనుక పల్లవిలో నాయకుడి చూపు నాయిక కాళ్ళను వదలకపోవడం సమాసార్థానికి కొనసాగింపే, కేవలం చాపల్యం కాదు. గాయకుణ్ణి మాత్రమే చూపిన వీడియోలో ఆ నడకను ఊహించుకోవలసిన వాడు శ్రోత. సినిమాలో కథానాయకుడు తన పైఅధికారిణి కాళ్ళను చూడటం హాస్యంగా స్థిరపడిన తరువాత, కెమెరా నడకను వదిలి అవయవాన్ని పట్టుకుంటుంది. గుడ్విన్ చెప్పిన చూపుల కుతూహలం ఇక్కడ ప్రచార వీడియోలో కన్నా సినిమాలోనే ఎక్కువ. లిరికల్ వీడియో ఎప్పుడూ పాటను తగ్గిస్తుందన్న అభిప్రాయాన్ని ఈ ఉదాహరణ నిలవనివ్వదు. అది కొన్నిసార్లు పాటను సినిమా నుండి కాపాడుతుంది కూడా.

లిపి సమస్య

అక్షరం తిరిగి వచ్చిందన్న మాటకు ఒక సవరణ అవసరం. అనేక తెలుగు లిరికల్ వీడియోల్లో సాహిత్యం రోమను లిపిలో ఉంటుంది. తెలుగు చదవలేని ప్రవాస పిల్లలకు, ఇతర భాషల శ్రోతలకు ఇది సౌకర్యమే. కాని దీర్ఘాలను, మూర్ధన్యాలను గుర్తించే పద్ధతి ఏదీ పాటించకపోవడం వల్ల కె, ఎ, ఎల్, ఎల్, యు అన్న అయిదు అక్షరాల్లో కళ్ళు, కాళ్ళు, కల్లు మూడూ ఇమిడిపోతాయి. పైన చెప్పిన పల్లవి ఆడుకున్నది సరిగ్గా కళ్ళు, కాళ్ళు అన్న మాటలతోనే! కల, కళ, తన, తాన వంటి జంటల సంగతి చెప్పనక్కర లేదు. శబ్దాలంకారం మీద నిలిచే గేయ సాహిత్యానికి దీనంత నష్టం మరొకటి లేదు. చెవి దిద్దుతుందనుకోవచ్చు, అయితే చూస్తూ నేర్చుకునే బాలగాయకుల ఉచ్చారణ కంటి వెంట పోతుంది. తెలుగు లిపిని కూడా కింద చేర్చడానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

ప్రచారమా, వినియోగమా?

2012 కాపీరైట్ సవరణ చట్టం గేయ రచయితకూ స్వరకర్తకూ ఒక హక్కును స్థిరపరచింది. సినిమాలో భాగంగా సినిమా హాలులో ప్రదర్శించడం మినహా, మరే రూపంలో పాటను వినియోగించినా రాయల్టీలో సమాన వాటా పొందే హక్కును వారు వదులుకోవడానికి వీల్లేదు. లిరికల్ వీడియో సినిమా హాలులో ప్రదర్శితమయ్యేది కాదు. ప్రకటనలతో ఆదాయం తెచ్చే వేదిక మీద ఉంటుంది. అయినా పరిశ్రమ వాడుకలో దాని పేరు 'ప్రమోషన్'. ఈ పేరు అమాయకమైనది కాదు. ప్రచారమంటే ఖర్చు, వినియోగమంటే రాబడి. ఒకే వస్తువును ఏ పద్దులో రాస్తారన్న దాన్ని బట్టి రచయిత వాటా కనిపించడమో, కనుమరుగవడమో జరుగుతుంది.

ఇక రచయిత ఎవరో తెలియని పాటల సంగతి మరింత జటిలం. 2021 ఫిబ్రవరిలో 'లవ్ స్టోరీ' చిత్రం నుండి మంగ్లి పాడిన 'సారంగ దరియా' లిరికల్ వీడియో వచ్చింది. దాని మూలం తెలంగాణ జానపద గేయమని, దాన్ని వెలికితెచ్చినవారికి తగిన గుర్తింపు దక్కలేదని వెంటనే వివాదం రేగింది. సుద్దాల అశోక్ తేజ చరణాలను కొత్తగా కట్టారన్నదీ నిజమే. సినిమా అదే ఏడాది సెప్టెంబరులో గాని విడుదల కాలేదు. అంటే ఈ చర్చ అంతా సినిమాతో నిమిత్తం లేకుండా, ఒక ప్రచార వీడియో కింద ఉన్న పేర్ల పట్టిక మీద జరిగింది. జానపద సేకర్తకు పాటల పుస్తకంలోనూ చోటు లేదు, లిరికల్ వీడియోలోనూ లేదు. తేడా ఏమంటే, ఇప్పుడు ఆ లోటును వేలమంది ఒకేసారి చూడగలుగుతున్నారు.

పరిశోధకులకు దీనివల్ల ఒక పాఠ సమస్య కూడా ఎదురవుతోంది. సినిమాలో నిడివి కోసం ఒక చరణం తొలగిపోవచ్చు. అభ్యంతరాల వల్ల ఒక మాట మారవచ్చు. లిరికల్ వీడియో మాత్రం మొదటి రూపాన్ని అలాగే నిలుపుకోవచ్చు. సిద్ధాంత గ్రంథాలలో గేయపాఠాలను ఉదాహరించేటప్పుడు సినిమా పేరు, సంవత్సరం ఇచ్చి ఊరుకోవడం పరిపాటి. ఆ పాఠం సినిమా నుండి తీసుకున్నదా, లిరికల్ వీడియో నుండి తీసుకున్నదా, రోమను లిపి నుండి తిరగరాసినదా అన్నది ఆ సూచికల్లో ఎక్కడా కనిపించదు.