పొరుగున ఉన్నంతనే చాలునా?

విశ్వవిద్యాలయము చెంతనే పరిశ్రమలుండిన శాస్త్రము త్వరగా వస్తురూపము దాల్చునను నమ్మకమునకు, 1951లో అమెరికాలో నెలకొన్న స్టాన్‌ఫర్డ్ పారిశ్రామిక వాటిక బలము చేకూర్చినది. అట్టి బాటలోనే శామీర్‌పేట ప్రాంతమున 1999లో జినోమ్ వ్యాలీ వెలసినది. 2008లో జవహర్‌నగర్‌లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణము ఆరంభమైనది. 2021లో ప్రజలకందిన కోవాక్జిన్ టీకా జినోమ్ వ్యాలీలో రూపొందినదే. ఇది మెచ్చదగిన ఫలితము.

అయితే, అదే జవహర్‌నగర్‌లో హైదరాబాదు చెత్త గుట్టలై ఉన్నది. దానిగుండా దిగిన వాననీరు అమ్మోనియాను, లవణములను, లోహములను కలుపుకొని భూగర్భజలమును చెరచినది. 2020లో చెత్తనుండి విద్యుత్తు తీయు కేంద్రము వచ్చినను, నేలలో ఇంకిన విషము దానితో పోదు.

కనుక ప్రభుత్వ విధానము భూమిని, రాయితీలను, భవనములను లెక్కించిన చాలదు. పొరుగు బావినీరు ప్రయోగశాలకు చేరినదా, పరిష్కారము తిరిగి ఆ ఊరికి వచ్చినదా అని కూడ అడుగవలెను.