నాగమ్మ ఒక్కతేనా?

"పల్నాటి యుద్ధం ఎందుకు జరిగింది?" అని క్లాసులో అడిగితే ఏళ్ల తరబడి ఒకే జవాబు వచ్చేది: "నాగమ్మ వల్ల." దానికి నేను మార్కులు వేసేదాన్ని. "నాగమ్మ కుటిలనీతిని వివరించండి" అని ప్రశ్నాపత్రంలో రాసిందీ నేనే. ఈమధ్య శ్రీనాథుడి పేరుతో ఉన్న 'పల్నాటి వీరచరిత్ర'ను మళ్లీ చదువుతుంటే ఆ ప్రశ్నకి నాకే సిగ్గేసింది.

12వ శతాబ్దంలో కారంపూడి దగ్గర జరిగిన ఈ యుద్ధానికి కారణాలు కథలోనే ఉన్నాయి. అన్నదమ్ముల రాజ్యం గురజాల, మాచర్లలుగా చీలింది. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు వలసపోయారు. గడువు తీరినా వాళ్ల రాజ్యం వాళ్లకి దక్కలేదు. అడగడానికి వెళ్లిన అలరాజుని విషం పెట్టి చంపారు. భూమి, వారసత్వం, పరువు - ఇవీ అసలు కారణాలు. రాజ్యాన్ని కోడిపుంజుల మీద ఒడ్డింది రెండు పక్షాలూ. మరి నాగమ్మ పందెం కుతంత్రం, బ్రహ్మనాయుడి పందెం ధర్మం ఎలా అయ్యాయి?

నాగమ్మ నిర్దోషి అని నేననడం లేదు. స్త్రీ చేతికి అధికారం వస్తే యుద్ధాలు ఆగిపోతాయన్న భ్రమా లేదు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి తెరమీద నాగమ్మగా నిలబడితే ఆ ఠీవికి మనం మురిసిపోయాం కూడా. నా అభ్యంతరం వేరు. ఈ కథలో యుద్ధమంతా ఆడవాళ్ల నోటి నుంచే నడుస్తుంది. కుట్ర నాగమ్మది. బాలచంద్రుడి బొంగరం తగిలి గాయపడిన ఆడమనిషి, ఇక్కడ ఆడుకునే బదులు యుద్ధానికి పోరాదా అని దెప్పుతుంది. అతన్ని యుద్ధానికి సాగనంపేది భార్య మాంచాల. నిర్ణయాలు మగవాళ్లవి, మాటలు మాత్రం ఆడవాళ్లవి! యుద్ధం తెచ్చిందని నాగమ్మని తిట్టిపోశాం, యుద్ధానికి పంపిందని మాంచాలని నెత్తిన పెట్టుకున్నాం. తిట్టు, మెప్పు రెండూ కలిసి చేసే పని ఒక్కటే. భూమి కోసం కొట్టుకున్న మగవాళ్లని ప్రశ్న నుంచి తప్పించడం.

కొడుకు యుద్ధానికి వెళ్లకూడదని ఆరాటపడిన ఐతాంబ కూడా ఈ కథలోనే ఉంది. ఆమె మాట నెగ్గలేదు. బాలచంద్రుడు తిరిగి రాలేదు. పేరిందేవి ఉంది. తండ్రి నలగామరాజు పక్షంవాళ్లే భర్త అలరాజుని చంపితే, ఆమె సహగమనం చేసింది. పుట్టిల్లూ అత్తిల్లూ యుద్ధానికి దిగితే ఆమెకి మిగిలింది చితి. దాన్ని కూడా 'పాతివ్రత్యం' అనే పాఠం చెప్పాను నేను.

ఇప్పుడు ప్రశ్న మార్చాను: "పల్నాటి యుద్ధంలో ఎవరికేం దక్కింది? ఎవరేం పోగొట్టుకున్నారు?" మొదటిసారి అడిగినప్పుడు క్లాసు చాలాసేపు నిశ్శబ్దంగా ఉండిపోయింది. చివరికి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "ఐతాంబ గురించి పుస్తకంలో ఇంకా ఏముంది మేడం?" అంది. కొంచెమే ఉంది. మిగతాది మనలో ఎవరో ఒకరు రాయాలి.